బొమ్మ రైలు కొనే ముందు



జ్వరాలు, టీకాలు, బి.పి., షుగరు గురించి రాసే ఈ పేజీలో ఈసారి బొమ్మ రైలు గురించి రాస్తున్నాం. ఇదేం పాఠం అని కొందరికి అనిపించవచ్చు. పుట్టినరోజుకో పండుగకో మూడేళ్లలోపు పిల్లకు రైలు కొనిపెట్టడం చాలా ఇళ్లలో ఉన్నదే. కొనేవారు అది ఎంత బాగా తిరుగుతుందో, ఎంత బాగా కూత వేస్తుందో చూస్తారు. మా వార్డులో పనిచేసేవాళ్లం మాత్రం వేరే సంగతి చూస్తాం. ఈ రైలు పిల్ల నోట్లోకి వెళితే ఏమవుతుంది అని చూస్తాం. ఎందుకో చెబుతాం.

కొంతకాలం క్రితం ఒక నాయనమ్మగారు ఏడాదిన్నర బాబును చంకనేసుకుని మా ఓ.పి.కి వచ్చారు. నిన్నటినుంచి అన్నం మింగడం లేదు, నోటివెంట చొంగ కారుతోంది, కొద్దిగా దగ్గుతున్నాడు అన్నారు. చలికాలం, పైగా పళ్లు వచ్చే వయసు. గొంతు వాచి ఉంటుందని మేమూ అనుకున్నాం. సిరప్ ఇచ్చి పంపించాం. మర్నాడు ఉదయానికి పాలు కూడా దిగడం లేదని మళ్లీ పరుగెత్తుకొచ్చారు. ఎక్స్‌రే తీస్తే ఛాతీ పైభాగంలో గుండ్రని నీడ కనబడింది. రూపాయి బిళ్ల మింగినట్టున్నాడు అన్నది మా చిన్న సిస్టరు. డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకు పట్టుకుని, అంచుకు కొంచెం లోపల ఇంకొక గుండ్రని గీత చూపించారు. నాణేనికి ఒకే అంచు ఉంటుంది. అలా రెండు అంచులు కనబడితే అది బటన్ బ్యాటరీ.

మేనమామ పుట్టినరోజుకు తెచ్చిన రైలులోది ఆ బ్యాటరీ. ఇంజను అడుగున ఉండే మూత ఊడిపోయింది. రెండు రోజులుగా రైలు కూత వేయడం లేదు. ఇంట్లో అందరూ గోల తగ్గిందిలే అనుకున్నారట. బాబును ఆ గంటలోనే పట్నం పంపించాం. అక్కడ గొట్టం వేసి బ్యాటరీ తీసేశారు. ప్రాణం దక్కింది. కానీ అన్నవాహిక లోపల కాలి, మానుతూ సన్నబడిపోయింది. దాన్ని వెడల్పు చేయించడానికి నెలల తరబడి తిరిగారు. అన్నాళ్లూ జావ, పాలే ఆహారం. ఇప్పుడు బాబు బడికి వెళుతున్నాడు, అన్నం తింటున్నాడు.

నాయనమ్మగారు ఇప్పటికీ తప్పు తనదే అంటారు. మొదటి రోజు అడగవలసిన ప్రశ్న మేమూ అడగలేదు. ఇంట్లో ఏదైనా బొమ్మ విరిగిందా, బ్యాటరీ ఏదైనా కనబడకుండా పోయిందా అని అడిగి ఉంటే ఒక రోజు కలిసివచ్చేది. చొంగ కారుస్తూ మింగలేకపోతున్న ప్రతి చిన్నపిల్ల ఇంటివాళ్లనూ ఇప్పుడు ఆ ప్రశ్న తప్పకుండా అడుగుతున్నాం. ఆ అనుభవంతోనే ఈ పాఠం రాస్తున్నాం.

1. ముందు వయసు, తరువాత రైలు

పిల్ల వయసును బట్టి చేతులు ఏమి చేయగలవో తెలుసుకుంటే ఎలాంటి రైలు కావాలో దానంతట అదే తెలుస్తుంది.

ఏడాదిలోపు పిల్ల చేతికి దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది. అది చెడ్డ అలవాటు కాదు, ఆ వయసులో వస్తువును తెలుసుకునే పద్ధతే అది. వారికి ఊడే భాగాలు ఏమీ లేని గుడ్డ రైలు గానీ, ఒకే ముక్కగా ఉన్న పెద్ద ఇంజను గానీ చాలు.

ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య పిల్ల నడక నేర్చుకుంటుంది. వస్తువును నేలమీద తోయడం ఇష్టం. పిడికిలి నిండా పట్టుకునేంత ఇంజను, లావుపాటి చక్రాలు ఉంటే సరిపోతుంది. పట్టాలు అవసరం లేదు. (ఏడాదిన్నర నిండినా సాయం లేకుండా నడవని పిల్లను డాక్టరుకు చూపించండి. బొమ్మతో సంబంధం లేకపోయినా ఇది గుర్తుంచుకోండి.)

ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య ఒక పెట్టెకు ఇంకో పెట్టె తగిలించడం మొదలవుతుంది. పెద్ద చెక్క కొక్కెంతో తగిలే రెండు మూడు పెట్టెలు ఇవ్వండి. రెండేళ్ల ప్రాంతంలో పిల్ల చెక్క ముక్కలను ఒకదాని వెనుక ఒకటి పెట్టి రైలు అంటుంది. పిల్లల డాక్టర్లు ఎదుగుదల చూసేటప్పుడు ఇదే పరీక్ష పెడతారు. మీ పిల్ల గిన్నెలను వరుసగా పెట్టి చుక్ చుక్ అంటుంటే వంటగది పాడు చేస్తోందని కోప్పడకండి.

రెండేళ్లు దాటాక పెద్ద ముక్కలతో ఒక చిన్న గుండ్రటి పట్టా పెట్టవచ్చు. అది మీరు కలపాలి, పిల్ల రైలు తోయాలి. వంతెనలు, మలుపులు, సిగ్నళ్లు, చిన్న చిన్న మనుషుల బొమ్మలు ఉండే పెద్ద సెట్టు మూడేళ్లు నిండాకే. పెట్టె మీద మూడేళ్లలోపు పిల్లలకు తగదని రాసి ఉన్నా, 0-3 అంకెలతో ఉన్న పిల్ల ముఖాన్ని ఎర్ర గీతతో కొట్టేసిన గుర్తు ఉన్నా, అది తెలివితేటలకు సంబంధించిన మాట కాదు. మా వాడు చురుకైనవాడు, ఆడేస్తాడు అని కొనకండి. ఆ హెచ్చరిక పిల్ల గొంతు గురించి.

2. రైలును పిల్లే నడపాలి

మీట నొక్కితే తనంతట తాను తిరిగే రైలు ముందు పిల్ల ప్రేక్షకుడిలా కూర్చుంటుంది. రెండు రోజులు చూసి వదిలేస్తుంది. చేత్తో తోసే రైలుకు పిల్లే ఇంజను. ఎటు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో, ఎవరు ఎక్కాలో పిల్లే నిర్ణయిస్తుంది. పక్కన కూర్చుని రైలు ఎక్కడికి పోతోంది, విజయవాడా, అమ్మమ్మగారి ఊరా అని అడిగితే మాటలు కూడా వస్తాయి. రైలు ఖరీదు ఎంతైనా, పక్కన కూర్చునే మనిషి లేకపోతే సగం ఉపయోగం పోయినట్టే. అందుచేత చిన్నపిల్లకు బ్యాటరీ లేని రైలే మేలని మా సలహా.

3. ఇంట్లోనే రెండు రింగుల పరీక్ష

బొమ్మల భద్రత పరీక్షలలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక చిన్న గొట్టం వాడతారు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలో ఏ ముక్కయినా ఆ గొట్టంలో పూర్తిగా పట్టిందంటే అది గొంతుకు అడ్డుపడే ముక్క అని లెక్క. పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు. అంటే నాణెం కంటే కాస్త పెద్ద ముక్క కూడా ప్రమాదమే.

అలాంటి గొట్టం మీ ఇంట్లో ఉండదు. బడి పిల్లల స్కేలు ఉంటే చాలు. దళసరి అట్టను సన్నని పట్టీగా కత్తిరించి, సరిగ్గా 10 సెంటీమీటర్లు కొలిచి, రెండు కొసలూ ఒకదానికొకటి ఆనేలా టేపుతో అంటించండి. ఆ రింగు వ్యాసం ఇంచుమించు ఆ గొట్టం అంతే వస్తుంది. ఇంకొక పట్టీ 14 సెంటీమీటర్లు తీసుకుని అలాగే రింగు చేయండి. ఇది గుండ్రని వస్తువులకు. బంతులకు 44.5 మిల్లీమీటర్ల కొలత పెట్టారు. గుండ్రని వస్తువు గొంతును బిరడాలా మూసేస్తుంది కాబట్టి వాటికి పెద్ద కొలత.

ఇప్పుడు రైలు సెట్టు విప్పి ఒక్కొక్క ముక్కనూ చూడండి. చక్రం, పొగగొట్టం, కొక్కెం, సరుకు పెట్టెలోని దుంగలు, ప్రయాణికుల బొమ్మలు. మీ చూపుడు వేలు కంటే పొట్టిగా ఉండి 10 సెంటీమీటర్ల రింగులో దూరిన ముక్కను తీసి దాచేయండి. గుండు తలకాయ ఉన్న మనిషి బొమ్మ తల 14 సెంటీమీటర్ల రింగులో దూరితే అదీ తీసేయండి. తరువాత చక్రాలను గట్టిగా లాగి, మెలితిప్పి చూడండి. మోకాలి ఎత్తు నుంచి రెండు మూడుసార్లు నేలమీద వదలండి. పిల్ల ఎలాగూ విసురుతుంది, మీరు ముందే విసరండి. ఊడిన చక్రాన్నీ, దాని మేకునూ కూడా రింగులో పెట్టి చూడాలి.

4. బ్యాటరీ, అయస్కాంతం

బటన్ బ్యాటరీలలో ఎక్కువ ప్రమాదం 20 మిల్లీమీటర్ల వెడల్పున్న లిథియం బిళ్లతో. అది పసిపిల్ల అన్నవాహికలో ఇరుక్కుంటుంది. తడి తగలగానే కరెంటు పారి, అక్కడ క్షారం తయారై కండను కాలుస్తుంది. రెండు గంటలలోపే తీవ్రమైన గాయం కావచ్చు. బ్యాటరీ పగలనవసరం లేదు, కొరకనవసరం లేదు. బొమ్మను నడపలేనంత పాతబడిన బ్యాటరీలో కూడా కాల్చేంత శక్తి మిగిలి ఉంటుంది.

ఎవరైనా బ్యాటరీ రైలు బహుమతిగా ఇస్తే మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. గోటితో తెరుచుకునే మూత ఉన్న బొమ్మను పిల్లకు ఇవ్వకండి. రైలు ఒక్కసారిగా కూత ఆపితే, దీపం ఆరితే, వెంటనే బ్యాటరీ ఉందో లేదో చూడండి. తీసేసిన బ్యాటరీకి రెండు వైపులా టేపు చుట్టి పిల్లలకు అందకుండా పెట్టండి.

చాలా చెక్క రైళ్లలో పెట్టెలు అయస్కాంతంతో తగులుకుంటాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ గట్టి అయస్కాంతాలు రెండు ఊడి కడుపులోకి వెళితే, ఒక పేగు మడతలోంచి ఒకటి, ఇంకో మడతలోంచి ఇంకొకటి లాక్కుంటాయి. మధ్యలో పేగు గోడ నలిగి రంధ్రం పడుతుంది. అయస్కాంతం చెక్కలో పూర్తిగా మూసి ఉంటే, బిగువుగా ఉంటే, పెద్దల ఎదుట వాడవచ్చు. చెక్క చిట్లిందంటే ఆ పెట్టెను ఆ రోజే పారేయండి. మూడేళ్లలోపు పిల్లకు కొక్కెం పెట్టెలే మంచివి.

5. రంగు సంగతి

2007 జూన్‌లో అమెరికాలో థామస్ అండ్ ఫ్రెండ్స్ పేరుతో అమ్మిన చెక్క రైలు బొమ్మలను సుమారు 15 లక్షలు వెనక్కి తీసుకున్నారు. చైనాలో తయారైన ఆ బొమ్మల పై రంగులో సీసం ఉంది. 2005 జనవరి నుంచి అవి దుకాణాల్లో ఉన్నాయి. మంచి చెక్క, పేరున్న బొమ్మ, ఖరీదైన పెట్టె. అయినా పిల్లల నోటికి చేరింది సీసమే. మన సంఘంలో చాలా కుటుంబాల పిల్లలు విదేశాల్లో ఉన్నారు. వారు వాడి పంపిన ఆ కాలం బొమ్మలు అటకల మీద ఉంటే చిన్నపిల్లలకు దింపకండి.

సీసం ఇంత వరకు ఫరవాలేదు అనే మోతాదు లేదు. పైకి ఏ జబ్బూ కనబడకుండానే చదువు, మాట, ఏకాగ్రత దెబ్బతింటాయి. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదని 2016లో నియమాలు చేశారు. 2017 నవంబరు నుంచి అవి అమలులో ఉన్నాయి. అంతకుముందు మిగిలిన డబ్బా రంగుతో తాతగారు పాత రైలుకు మెరుగు పెట్టి ఉంటే దాన్ని జ్ఞాపకంగా అలమరలో ఉంచండి. నోట్లో పెట్టుకునే పిల్లకు ఇవ్వకండి. కంటితో చూసి సీసం కనిపెట్టలేం. గోటితో గీస్తే పెచ్చు లేచే రంగు ఏదైనా వద్దు.

6. గుర్తు చూసి కొనండి

2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. పెట్టె మీద ఆ గుర్తు, దానితో పాటు లైసెన్సు సంఖ్య ఉండాలి. ఫోను ఉన్నవారు బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి చూసుకోవచ్చు. తిరునాళ్లలో, ఫుట్‌పాత్ మీద పెట్టె లేకుండా అమ్మే రైలుకు ఏ గుర్తూ ఉండదు. తక్కువకు వచ్చిందని సంతోషించే ముందు రింగుల పరీక్ష గుర్తుచేసుకోండి.

రిజిస్టరైన హస్తకళాకారులు చేసి అమ్మే బొమ్మలకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. మన ఏటికొప్పాక బొమ్మలు అలాంటివే. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు అది. అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతుండగానే లక్కను అదిమితే ఆ వేడికి రంగు కర్రకు పట్టుకుంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెట్ల నుంచి తీసే రంగుల కోసం పాటుపడిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అంచులు లేని నున్నని బొమ్మలు కాబట్టి పసిచేతులకు బాగుంటాయి. అయితే లక్కబొమ్మ అని అమ్మే ప్రతిదానిలోనూ చెట్ల రంగులే ఉన్నాయని అనుకోకండి, అడిగి కొనండి. చక్రాలు, మేకులు లాగి చూడడం వీటికీ వర్తిస్తుంది. నీళ్లలో నానబెట్టకుండా తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి.

కొండపల్లి బొమ్మల అందం వేరు. అవి తేలికైన పొణికి కర్రతో చేసి రంగులు వేసినవి. అలమరలో పెట్టి చూసుకోవడానికి బాగుంటాయి, కొరికే వయసు పిల్లకు కాదు.

7. తాడు, చప్పుడు, అన్నయ్య రైలు

లాగే తాడు జానెడుకు మించితే మెడకు చుట్టుకునే అవకాశం ఉంది. నడుస్తూ లాగే పిల్లకు పొడవు తాడు కావాలంటే మీరు ఎదుటే ఉండాలి. ఆట అయ్యాక తాడు విప్పేయండి. ఉయ్యాలలో, మంచం మీద తాడు బొమ్మ ఉంచకండి.

కూత వేసే బొమ్మను కొనే ముందు మీ చెవికి దగ్గరగా పెట్టుకుని వినండి. మీకు చెవులు గింగురుమంటే పిల్ల చెవికి అంతకంటే ఎక్కువే.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావలసింది పెద్దపిల్ల ఉన్న ఇంట్లో. ఆరేళ్ల అన్నయ్య రైలు సెట్టు అతనికి తగినదే. కానీ దాని ముక్క ఒకటి మంచం కిందికి దొర్లితే దొరికేది పాకే చెల్లికే. అన్నయ్యను తిట్టకుండా అతనికి ఒక బల్ల, ఒక మూత ఉన్న డబ్బా ఇవ్వండి. ఆట అయ్యాక ముక్కలు లెక్కపెట్టి సర్దడం నేర్పండి. చెల్లిని కాపాడే పని అతనిదే అని చెబితే శ్రద్ధగా చేస్తాడు.

8. కొనలేకపోతే తక్కువేమీ కాదు

నాలుగు చెప్పుల అట్టపెట్టెలను పాత చీర అంచుతో వరుసగా కట్టండి. పిన్నులు కొట్టకండి. అందులో బంగాళదుంపలు, గరిటెలు, గుడ్డబొమ్మ ఎక్కుతాయి, దిగుతాయి. చిరిగిపోతే ఇంకో రైలు వస్తుంది. ఏడాదిన్నర పిల్లకు దీనికీ, వేల రూపాయల సెట్టుకూ తేడా తెలియదు.

9. ప్రమాదం జరిగితే

గొంతుకు అడ్డుపడి పిల్ల గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. శబ్దం రాకుండా, ఊపిరి ఆడకుండా ఉంటే వెంటనే పని మొదలుపెట్టి, ఇంకొకరిచేత 108కి ఫోను చేయించండి. ఏడాది దాటిన పిల్లను ముందుకు వంచి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి కింది భాగంతో ఐదుసార్లు చరచండి. రాకపోతే వెనుక నుంచి పట్టుకుని, పిడికిలిని బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద ఉంచి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. వచ్చేవరకు ఇవే మార్చి మార్చి చేయాలి. ఏడాదిలోపు పిల్లకు పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి ఐదు చరుపులు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఎముక మీద ఐదు నొక్కులు. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకకండి, ఇంకా లోపలికి పోతుంది. పిల్ల స్పృహ తప్పితే గట్టి నేలమీద పడుకోబెట్టి సి.పి.ఆర్. మొదలుపెట్టాలి. ఓ.పి.లో ఏ సిస్టరునడిగినా ఇవన్నీ బొమ్మ మీద చేసి చూపిస్తారు. చదివితే రాదు, ఒకసారి చేసి చూడాలి.

బ్యాటరీ మింగిందన్న అనుమానం వచ్చినా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి ఆ క్షణమే బయలుదేరండి. వాంతి చేయించకండి, అన్నం, అరటిపండు పెట్టకండి. ఏడాది దాటిన పిల్ల, మింగి 12 గంటలు కాలేదు, మింగగలుగుతోంది, తేనె చేతికి అందుబాటులో ఉంది అంటే దారిలో పది నిమిషాలకొకసారి రెండు చిన్న చెంచాలు, ఆరుసార్లకు మించకుండా ఇవ్వవచ్చు. తేనె కోసం ఆగకండి. ఏడాదిలోపు పిల్లకు తేనె వద్దు. బొమ్మను, అలాంటి బ్యాటరీ ఇంకొకటి ఉంటే దాన్నీ వెంట తీసుకురండి. అయస్కాంతం మింగితే పిల్ల నవ్వుతూ ఆడుతున్నా సరే తీసుకురావాలి.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో బటన్ బ్యాటరీ ఉన్న వస్తువులు ఎన్ని? (బొమ్మలే కాదు. రిమోటు, గడియారం, తూకం యంత్రం, పాట పాడే గ్రీటింగు కార్డు కూడా చూడండి.)
2. పెద్దపిల్ల బొమ్మలు ఎక్కడ ఉంటున్నాయి? పాకే పిల్లకు అందుతాయా?
3. ఈ రోజు పిల్ల పక్కన నేలమీద పావుగంట కూర్చునేది ఎవరు?
4. బహుమతి ఇచ్చే మేనమామకు, బాబాయికి ఈ సంగతులు ముందుగా చెప్పేది ఎవరు?

నాలుగో ప్రశ్న దగ్గర చాలామంది మొహమాటపడతారు. ప్రేమతో తెచ్చినదాన్ని ఎలా కాదంటాం అంటారు. కాదనవద్దు. సంతోషంగా తీసుకుని, పిల్లకు మూడేళ్లు వచ్చేవరకు పైన దాచండి. మా బాబు మేనమామ కూడా ప్రేమతోనే తెచ్చాడు. ఎవరైనా ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే చెక్క రైలే తెచ్చేవాడు.

రింగులు చేయడం కుదరని వారు మీ రైలును ఓ.పి.కి తీసుకురండి. మా సిస్టర్లు చూసి చెబుతారు. దానికి చీటీ అవసరం లేదు.